ఇవి ఆయన కాళ్ళు కావు

లీలావతి తల వంచుకుని నడుస్తుందని ఆఫీసులో అందరూ అనేవాళ్ళు. చిన్న వయసులో భర్త పోయిన మనిషి, అణకువ అలవాటైపోయిందని వాళ్ళ లెక్క. నిజానికి ఆమె ఎదురుగా వచ్చే మగవాళ్ళ పాదాలు చూసేది. ఎండాకాలం బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూసేది కాదు. చెప్పుల్లోంచి కనబడే వేళ్ళవైపే కళ్ళు పోయేవి. ఎందుకు చూస్తున్నదో ఎవరికీ చెప్పలేదు. ఒకప్పుడు చెప్పింది. చెప్పినందుకు ఆమెకు మతి చలించిందన్నారు.

ఆమెది పల్నాడు, మాచర్ల దగ్గర పల్లె. భర్త చెన్నకేశవులు సైన్యంలో నాయక్. కొండల మీద ఫోన్ తీగలు వేసి, తెగినచోట అతికే దళం వాళ్ళది. పెళ్ళయిన ఏడాదికే ఆమెను ఢిల్లీ కంటోన్మెంటుకు తీసుకొచ్చాడు. చిన్న క్వార్టరు, ముందు రెండు గజాల జాగా, అందులో ఆమె వేసిన గోంగూర. కొడుకు సాయిప్రకాష్ అక్కడే పుట్టాడు. వాడికి ఐదేళ్ళు ఉన్నప్పుడు, డెబ్బై ఆరో సంవత్సరం చలికాలంలో, చెన్నకేశవులును మంచుకొండల మీదికి పంపారు. మాఘమాసంలో ఒక సాయంత్రం తీగ తెగిందని ఆరుగురు బయల్దేరి వెళ్ళారు. వాళ్ళ మీద మంచుచరియ విరిగిపడింది. ఐదుగురి శవాలు తవ్వితీశారు. ఆరోవాడు రిషిపాల్ అనే కుర్ర సిపాయి. వాడు దొరకలేదు.

చెన్నకేశవులుది దొరికిన ఐదింటిలో ఒకటి అన్నారు. చెక్కపెట్టెలో, విమానంలో ఢిల్లీ వచ్చింది. మామ లింగయ్య ఊరి నుంచి రైల్లో వచ్చేదాకా మిలటరీ ఆస్పత్రిలో ఉంచారు. ముఖం నలిగిపోయిందనీ, కట్టిన గుడ్డ విప్పొద్దనీ వెంట వచ్చిన సుబేదారు చెప్పాడు. క్వార్టరు ముందు పడుకోబెట్టి, రెండు కాళ్ళ బొటనవేళ్ళూ కలిపి కట్టారు. ఆఖరిసారి దణ్ణం పెట్టుకోమని ఆడవాళ్ళు లీలావతిని కాళ్ళ దగ్గర కూర్చోబెట్టారు.

ఆమె చేతులు చాచి ఆగిపోయింది. చెన్నకేశవులువి చదునైన పాదాలు. చిన్నప్పటినుంచి చెప్పుల్లేకుండా పొలాల్లో తిరిగినవి, వేళ్ళు విడివిడిగా పరుచుకుని ఉండేవి. ఇవి సన్నటి పాదాలు. ఎడమ కాలి చిటికెనవేలు పక్క వేలి మీదికి ఎక్కి ఉంది.

"ఇవి ఆయన కాళ్ళు కావు," అంది.

ఎవరో ఆమె తల తమ భుజానికి అదుముకున్నారు. ఆమె విడిపించుకుని మళ్ళీ అదే మాట అంది. ఈసారి లింగయ్యకు వినబడేలా అంది. లింగయ్య కోడలి మాట విన్నాడు కానీ ఆ కాళ్ళవైపు చూడలేదు. క్వార్టరు గోడవైపు చూస్తూ, "మంచులో నానిన ఒళ్ళు తల్లీ, ఆకారం మారిపోద్ది. అట్టా అనబాక," అన్నాడు. ఆయన గొంతు చాలా దీనంగా ఉంది, అయినా ఆమె ఆ కాళ్ళకు దణ్ణం పెట్టలేదు. డాక్టరు వచ్చి సూది వేశాడు. కళ్ళు తెరిచేసరికి ముందున్న జాగా ఖాళీగా ఉంది. యమునా తీరాన తాత చెయ్యి పట్టుకుని సాయిప్రకాష్ నిప్పు పెట్టి వచ్చాడు. అస్థికలు గఢ్ అనే ఊరి దగ్గర గంగలో కలిపేశారు.

ఆమె ఆ మాట మరికొన్నాళ్ళు అంటూనే ఉంది. ఆ తర్వాత ఒకసారి వంటింట్లో ఉండగా, పక్కగదిలో బంధువుల మాటలు వినబడ్డాయి. తల్లికి మనసు కుదుట్లో లేదు, పిల్లవాణ్ణి ఊరికి తీసుకుపోదామా అని లింగయ్యను అడుగుతున్నారు. ఆ రోజుతో ఆమె నోరు మూసుకుంది. మళ్ళీ ఎవరి దగ్గరా కాళ్ళ ఊసెత్తలేదు.

భర్త పోయినందుకు కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు. ఊరికి వచ్చేయమని ఎంతమంది చెప్పినా వినలేదు. పిల్లవాడి చదువు అని చెప్పేది. కానీ ఆమె మనసులో ఉన్నది వేరు. అవి ఆయన కాళ్ళు కాకపోతే ఆయన ఎక్కడో ఉన్నట్టే కదా. ఎప్పుడైనా వస్తే ఆయన మొదట వచ్చేది ఆ క్వార్టరుకే. క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు తన కొత్త అద్దె ఇంటి చిరునామా రాసి, అందులోకి దిగినవాళ్ళ చేతిలో పెట్టింది. తర్వాత మయూర్ విహార్‌లో సర్కారువారి డీడీఏ ఫ్లాటు వచ్చింది. ఆ చిరునామా కూడా తీసుకెళ్ళి ఇచ్చింది. ఆ క్వార్టర్లోకి తమిళులు వచ్చారు, గఢ్వాలీలు వచ్చారు, పంజాబీలు వచ్చారు. ఎవరు మారినా వెళ్ళి చెప్పి వచ్చేది. వాళ్ళు కుర్చీ వేసి టీ ఇచ్చి, ఆమె వెళ్ళాక జాలిపడేవాళ్ళు.

మాఘంలో తద్దినం మాత్రం తప్పనిచ్చేది కాదు. తెల్లవారుజామునే లేచి వండేది. భర్త పేరు మీద పెట్టే పిండం భర్తది కాదని ఆమెకు తెలుసు. అయినా ఎవరి కాళ్ళో అవి, ఆ కాళ్ళవాడికీ ఆకలి వేస్తుంది కదా అనుకుని వండేది. ఆ మనిషి తమ ఇంట్లో ఎక్కడో ఉన్నాడని ఆమెకు గట్టిగా అనిపించేది. తలుపు దగ్గర నిలబడి, లోపలికి రావచ్చో రాకూడదో తెలియక, తడికాళ్ళతో ఆగిపోయినట్టు ఉండేది. భయం కాదు. పరాయి ఇంటికి పొరపాటున వచ్చినవాణ్ణి చూస్తే కలిగే ఇబ్బంది లాంటిది. కొడుకు పెద్దవాడవుతున్నకొద్దీ, వాడు స్నానం చేసి వచ్చిన తడి అడుగులు గచ్చు మీద చూసి ఆగిపోయేది. చదునుగా, వేళ్ళు విడివిడిగా, తండ్రి అడుగులే. ఆరిపోయేదాకా వాటి మీద కాలు పెట్టేది కాదు.

సాయిప్రకాష్ ఇంజనీరై, నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, అక్కడికి దగ్గర్లోని ఇందిరాపురంలో ఫ్లాటు కొనుక్కున్నాడు. తల్లిని తనతో వచ్చి ఉండమనేవాడు. రిటైరయ్యాక చూద్దామనేది. తల్లి తెలుగులో మాట్లాడితే వాడు హిందీలో జవాబిచ్చేవాడు. ఇద్దరికీ అది అలవాటే.

రెండు వేల ఐదు వేసవిలో ఒక ఆదివారం, వాడు తల్లిని చూడటానికి వచ్చిన పూట, ఒక యువ మేజరు ఫ్లాటుకు వచ్చాడు. మర్యాదస్తుడు. ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని, విషయం మెల్లగా చెప్పాడు. క్రితం ఏడాది పర్వతారోహకులకు ఒక మంచునది అంచున మనిషి అవశేషాలు దొరికాయి. గుడ్డల మీద గుర్తుల్ని బట్టి ఫలానా దళం, ఫలానా ప్రమాదం అని తేలింది. ఆ ప్రమాదంలో దొరకనివాడు రిషిపాల్ ఒక్కడే కాబట్టి అతనే అనుకున్నారు. ఖాయం చేసుకోవడానికి అతని తల్లి రక్తం తీసి ఎముకతో పోల్చి చూశారు. కలవలేదు.

"అందుకని మిగతా ఐదు కుటుంబాల దగ్గరికీ వెళుతున్నాం. ఊరికే లాంఛనం. మీ అబ్బాయి రక్తం కొంచెం ఇస్తే చాలు," అన్నాడు హిందీలో.

లీలావతి కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. సాయిప్రకాష్ మాత్రం లేచి నిలబడ్డాడు. తన తండ్రికి తానే నిప్పు పెట్టాననీ, పోయినవాళ్ళను మళ్ళీ పెట్టెల్లోంచి లాగొద్దనీ మేజరుకు గట్టిగా చెప్పాడు. మేజరు తన ఫోన్ నంబరు ఇచ్చి, తొందరేమీ లేదని వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక లీలావతి, ఇన్నేళ్ళలో మొదటిసారి, కొడుక్కి ఆ కాళ్ళ సంగతి చెప్పింది. వాడు తల పట్టుకుని విన్నాడు. చిన్నప్పుడు ఊళ్ళో ఎవరో అంటే విన్నాడట, మీ అమ్మకు అప్పట్లో మతి పోయిందని. అది ఈ సంగతేనని తెలియదు.

"అమ్మా, నాన్న గురించి నాకు గుర్తున్నది ఆ మంట ఒక్కటే," అన్నాడు వాడు, ఆ రోజు తెలుగులో. "ముఖం గుర్తులేదు. గొంతు గుర్తులేదు. అది కూడా ఆయనది కాదంటే నాకు ఇంకేం ఉంటది?"

లీలావతి, "నాకు తెలియాలి నాయనా," అని మాత్రం అంది. వారం తిరక్కుండా వాడే మేజరుకు ఫోన్ చేశాడు.

ప్రయోగశాలలో రక్తం తీసిన అమ్మాయి పేరు డాక్టర్ భావన. కాకినాడ వాళ్ళమ్మాయి, పుట్టి పెరిగింది ఢిల్లీ. తెలుగు అర్థమవుతుంది, నాలుక తిరగదు. పాత ఎముక నుంచి మనిషి గుర్తును ఎలా తీస్తారో లీలావతికి ఓపిగ్గా చెప్పింది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ సగం తల్లి ఇచ్చినది, సగం తండ్రి ఇచ్చినది ఉంటుందనీ, ఎముక పొడిలోంచి దాన్ని బయటికి తీసి, బిడ్డలో ఉన్నదాని పక్కన పెట్టి చూస్తామనీ అంది. మంచులో ఉంది కాబట్టి ఇన్నేళ్ళయినా పాడవలేదట. మంటలో కాలితే మాత్రం ఏమీ మిగలదట. ఆ ఆఖరి మాట లీలావతి మనసులో ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది.

కొన్ని వారాల తర్వాత పిలిచారు. మేజరు కూడా ఉన్నాడు. భావన ముందే నిలబడి ఉంది, అది చూడగానే లీలావతికి తెలిసిపోయింది. సాయిప్రకాష్ ఆ చనిపోయిన మనిషి కొడుకేననీ, అనుమానానికి తావు లేదనీ ఆ అమ్మాయి చెప్పింది.

తను చెప్పింది నిజమని తేలిన రోజు ఎలా ఉంటుందో లీలావతి చాలాసార్లు ఊహించుకుంది. ఆ ఊహల్లో ప్రతిసారీ ఆయన గుమ్మంలో నిలబడి ఉండేవాడు.

"కాళ్ళు చూపిస్తావా అమ్మా?" అని అడిగింది చివరికి.

భావన మేజరువైపు చూసి, ఆమె పక్కన కూర్చుంది. "ఆంటీ, నడుము కింది భాగం దొరకలేదు. మంచునది కదులుతూ ఆ భాగాన్ని లాక్కెళ్ళిపోయింది. చెయ్యి ఉంది. చూస్తారా?"

లీలావతి తల అడ్డంగా ఊపింది. "చేతులు నాకు గుర్తులేవమ్మా," అంది.

అప్పుడు మేజరు మిగతాది చెప్పాడు. చెన్నకేశవులు దొరికింది చరియ పడిన దారిలో కాదు. దానికి పైన, మంచునది అంచునే ఉన్న ఒక బండ కింద, వీపు ఆనించి ఉన్నాడు. ఒంటి మీద కోటు లేదు. ఆ రోజుల్లో ముఖం నలిగిన శవాన్ని కోటు మీద కుట్టిన పేరు చూసే పోల్చారు. కోటు చెన్నకేశవులుదే. వేసుకున్నది రిషిపాల్ అయి ఉండాలి. ఎందుకు మార్చుకున్నారో చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు.

సాయిప్రకాష్ తల్లి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఆ చెయ్యి తీసేసి, భావననే చూస్తూ అడిగింది: "చరియ కింద పడలేదంటే, అప్పటికప్పుడు పోలేదు. మేం ఇక్కడ ఆ అబ్బాయిని కాల్చిన రోజుకి ఈయన అక్కడ బతికే ఉన్నాడా?"

ఈ ప్రశ్న వస్తుందని భావన ముందే అనుకున్నట్టుంది. "లేదు ఆంటీ. కోటు లేదు కదా. అంత చలిలో కోటు లేకుండా ఆ రాత్రి గడవడం కష్టం."

"కష్టం" అన్న మాట పట్టుకుని లీలావతి ఇంటికి వచ్చింది. గడవదు అనలేదు ఆ పిల్ల, గడవడం కష్టం అంది.

వాళ్ళు అక్కడినుంచి లేచి వచ్చేముందే, రిషిపాల్ ఇంటివాళ్ళకు ఆఫీసు నుంచి ఉత్తరం వెళుతుందని మేజరు చెప్పాడు. కాలిన అస్థికలకు పరీక్ష లేదు, గంగలో కలిసినవాటికి అసలే లేదు. కాబట్టి 'చనిపోయినట్టు భావిస్తున్నాం' అనే రాస్తారు. లీలావతి వాళ్ళ ఊరి పేరు అడిగింది. మేజరు కాస్త తటపటాయించి చెప్పాడు. విని సాయిప్రకాష్ తలెత్తాడు. ఇందిరాపురం అపార్టుమెంట్లకు పొలాలు పోయిన ఊళ్ళలో అదొకటి. వాడి ఫ్లాటు బాల్కనీలోంచి ఆ ఊరి గేదెలు కనబడతాయి.

ఉత్తరం చేరేలోపే తాను వెళ్ళాలని లీలావతి పట్టుబట్టింది. శనివారం కొడుకూ ఆమే కలిసి వెళ్ళారు. పొలాల డబ్బుతో కట్టిన మూడంతస్తుల ఇల్లు, పై రెండంతస్తులూ అద్దెకిచ్చారు. రిషిపాల్ తమ్ముడు గుమ్మంలోనే వాళ్ళను ఆపి, సంగతి విని, లోపలికి రావద్దని చేతులు జోడించాడు. రక్తం కలవలేదని తెలిసిన రోజునుంచి అమ్మ సంబరంగా ఉందట. ఆ మంచులో దొరికింది నా కొడుకు కాదు, అంటే వాడు బతికే ఉన్నాడు అని వీధంతా చెప్పుకుందట. ఎనభై దాటిన మనిషి, ఆ సంబరంతోనే పోనివ్వండి అన్నాడు.

లీలావతికి ఆ మాట న్యాయంగానే తోచింది. వెనక్కి తిరగబోయింది. ఇంతలో లోపలి వాకిట్లోంచి ముసలామె ఎవరొచ్చారని కేకేసింది. రిషిపాల్ తమ్ముడు తటపటాయిస్తుంటే, "ఎవరైనా సరే, నీళ్ళు తాగకుండా పంపుతావా?" అని కోప్పడింది.

ఆమె పేరు అంగూరీ. నులకమంచం మీద కూర్చుని ఉంది, కళ్ళు మసక. లీలావతి పక్కన కూర్చుని, తన భర్త కూడా రిషిపాల్‌తో పాటు ఆ కొండమీదికి వెళ్ళినవాడేనని చెప్పింది. అంగూరీ 'బహూ' అని కోడలిని పిలిచినట్టు పిలిచి, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. తన కొడుకు గురించి చెప్పసాగింది. చలికి ఓర్చుకోలేడట, చిన్నప్పుడు పొయ్యి దగ్గరినుంచి కదిలేవాడు కాడట. ఇప్పుడు యాభై ఏళ్ళవాడై ఉంటాడు, దారి తప్పి సరిహద్దు దాటి ఉంటాడు, వదిలిపెట్టగానే వస్తాడు అంది. లీలావతి వింటూ కూర్చుంది. ఆమె చెబుతున్న మాటలు తాను ఇన్నేళ్ళూ తనలో చెప్పుకున్నవే. వాటిని పైకి, మరొకరి నోట వినడం ఆమెకు భరించరానిదైంది.

"అమ్మా, మీ అబ్బాయి కాళ్ళు ఎలా ఉండేవి?" అని అడిగింది.

తమ్ముడు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. అంగూరీ నవ్వింది. "కాళ్ళా? ఎందుకు బహూ? ఎడమ కాలి చివరివేలు పుట్టుకతోనే పక్కదాని మీద ఎక్కి కూర్చుంది. చెప్పు పట్టేది కాదు. దానివల్ల ఫౌజ్‌లో తీసుకోరేమోనని ఎంత ఏడ్చాడో…"

ఆమె మాట మధ్యలో ఆగిపోయింది. తాను పట్టుకున్న చెయ్యి వదిలి, మసక కళ్ళతో లీలావతి ముఖంలోకి వంగి చూసింది. పై అంతస్తులో ఎవరి రేడియోనో మోగుతూనే ఉంది.

"నువ్వు చూశావా?" అంది అంగూరీ.

"చూశాను. మా ఆయన అనుకుని మా ఇంటికి పంపారు. కాదని నేను చెప్పాను. ఎవరూ వినలేదు."

అంగూరీ ఏడవలేదు. ఆ అబ్బాయిని ఎక్కడ పెట్టారో, ఎవరు స్నానం చేయించారో, నెయ్యి పోశారో లేదో, గంగలో కలిపారో లేదో ఒక్కొక్కటే అడిగింది. లీలావతి తెలిసినవన్నీ చెప్పింది. నిప్పు ఎవరు పెట్టారని అడిగినప్పుడు మాత్రం తల తిప్పి కొడుకువైపు చూసింది. సాయిప్రకాష్ వచ్చి మంచం ముందు గొంతుకిళ్ళా కూర్చున్నాడు. అంగూరీ అతని రెండు చేతులూ తీసుకుని అరచేతులు తడిమింది.

"ఎంతవాడివి అప్పుడు?"

"ఐదేళ్ళు, అమ్మా."

"భయపడ్డావా?"

"భయపడ్డాను. తాత నా చెయ్యి పట్టుకున్నాడు. కట్టెలు తడిగా ఉన్నాయి, మొదట అంటుకోలేదు. పొగ కళ్ళలోకి వచ్చింది. తర్వాత ఒక్కసారిగా లేచింది. నేను వెనక్కి వెళ్ళిపోతానంటే తాత వెళ్ళనివ్వలేదు. మొత్తం అయ్యేదాకా ఉండాలి, ఒంటరిగా వదిలి పోకూడదు అన్నాడు. ఉన్నాను."

ఈ సంగతులు వాడు తల్లికి కూడా ఎప్పుడూ చెప్పలేదు. అంగూరీ ఆ చేతుల్ని తన ముఖానికి ఆనించుకుంది. అప్పుడు ఏడ్చింది. ఆమె చిన్నకొడుకు లోపలికి వెళ్ళిపోయాడు. లీలావతి వాళ్ళిద్దరినీ అలా వదిలి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. అరవై గజాల దూరంలో ఒక కొత్త అపార్టుమెంటుకు క్రేనుతో ఇసుక పైకి లాగుతున్నారు.

చెన్నకేశవులు అంత్యక్రియలు కంటోన్మెంటులో జరిగాయి. బ్యూగిల్ ఊదారు, తుపాకులు పేల్చారు. సాయిప్రకాష్ రెండోసారి తండ్రికి నిప్పు పెట్టాడు. ఈసారి ముప్ఫై నాలుగేళ్ళవాడు, ఎవరూ చెయ్యి పట్టుకోనక్కర్లేదు. లీలావతి కూడా శ్మశానానికి వెళ్ళింది. పెట్టె చాలా చిన్నది. అది భర్త అని ఆమె తనకు తాను చెప్పుకుంటూ ఉంది. ఆ అమ్మాయి భావన చెప్పింది, ఆ అమ్మాయికి అబద్ధం చెప్పాల్సిన పని లేదు. ఇన్నేళ్ళూ ఆ శవం పరాయివాడిది కాబట్టే అప్పుడు తనకు ఏడుపు రాలేదని అనుకునేది. ఈ పెట్టె ముందు కూడా రాలేదు. మంట తగ్గాక కొడుకు వచ్చి పక్కన నిలబడినప్పుడు, వాడి బూట్లు విప్పిన కాళ్ళు బూడిద మీద కనబడ్డాయి. అప్పుడు అక్కడే కూలబడి, ఆ కాళ్ళ మీద చెయ్యి వేసింది.

ఆ మాఘమాసం రాబోతుండగా మయూర్ విహార్‌లో ఉండే తెలుగు పురోహితుడు తిథి అడిగాడు. ప్రమాదం జరిగింది బహుళ పంచమినాడు. ఇన్నేళ్ళూ ఆ రోజే పెడుతూ వచ్చారు. ఇప్పుడది రిషిపాల్‌ది. మరి చెన్నకేశవులుది ఏ తిథి? ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు అమావాస్యనాడు పెట్టుకోవచ్చని పురోహితుడు అన్నాడు. లీలావతి ఒప్పుకోలేదు. మర్నాడు, షష్ఠికి పెట్టమంది. అప్పటినుంచి వాళ్ళింట్లో వరసగా రెండు రోజులు వంట జరుగుతోంది. మొదటి రోజు అంగూరీ చెప్పినట్టు ఖీరు, పూరీలు. రెండో రోజు గోంగూర పచ్చడి, గారెలు. ఆ రెండు రోజుల మధ్య రాత్రి ఆమె రగ్గు కప్పుకోదు. కొడుకు ఎంత చెప్పినా వినదు. ఆ రాత్రి ఎంత పొడవుందో తనకు తెలియాలంటుంది.

రిటైరయ్యాక ఆమె ఇందిరాపురం మారింది. వారానికోసారైనా అంగూరీ దగ్గరికి నడిచి వెళ్ళేది. ఒక చలికాలం మధ్యాహ్నం, ఎండలో నులకమంచం మీద కూర్చుని ఇద్దరూ ఆవాల మొక్కల ఆకుకూర ఏరుతున్నారు. అంగూరీ ఉన్నట్టుండి అంది: "మీవాడు కోటు ఇచ్చాడో, నా కొడుకే చలికి ఆగలేక అడిగి తీసుకున్నాడో. ఏదైనా, అది వేసుకుని కూడా నావాడు పోయాడు. అది లేక నీవాడు పోయాడు. ఇవ్వకుండా ఉంటే ఒకడైనా మిగిలేవాడు. నీకు నా మీద కోపం రాదా బహూ?"

లీలావతి చేతిలోని ఆకు పక్కన పెట్టింది. రాదని చెప్పడానికి నోరు తెరిచింది. ఆ ముసలి కళ్ళు తననే చూస్తున్నాయి. చూపు ఆనకపోయినా చూస్తూనే ఉన్నాయి.

"వస్తుంది," అంది.

అంగూరీ తల ఊపింది. "అచ్ఛా," అని మళ్ళీ కూర ఏరడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక, "కోపం వచ్చిన రోజు కూడా రా," అంది.

లీలావతి వెళుతూనే ఉండేది. కొన్ని రోజులు వాళ్ళిద్దరి మధ్య ఒక్క మాట కూడా ఉండేది కాదు. పొద్దు వాలి, మంచం మీంచి ఎండ జరిగిపోయాక, లేచి వచ్చేసేది.